బీపీ ఉన్న ఇంట్లో అరోమాథెరపీ: ఎలా చేయాలి, ఎక్కడ ఆపాలి

అరోమాథెరపీ అంటే మొక్కల నూనెల వాసనతో ఒంటిని నెమ్మదింపజేయడం. ముందే చెప్పేస్తున్నా, లావెండర్ వాసన చూస్తే రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు కరిగిపోదు. ఎవరైనా అలా చెప్పి మీకు సీసా అంటగడుతుంటే ఆ సీసా అక్కడే పెట్టేసి బయటకి వచ్చేయండి. పూడుకుపోయిన నాళాన్నీ, వేసిన స్టెంట్‌నీ, పాడైన వాల్వ్‌నీ వాసన ఏమీ చెయ్యలేదు. మరి ఇదంతా ఎందుకు రాస్తున్నావు అంటారా, వాసనకి పలికేది ఒకటుంది, అది టెన్షన్. ముక్కు నుంచి వెళ్ళే నరం మెదడులో భయం, కోపం, జ్ఞాపకం చూసుకునే భాగాలకి చాలా దగ్గరి దారిలో చేరుతుంది, అక్కడ కాస్త నెమ్మదిస్తే గుండెని పరిగెత్తించే నరాల జోరు తగ్గుతుంది, చిన్న చిన్న రక్తనాళాలు వదులవుతాయి, పైబీపీ (మెషిన్‌లో పైన కనిపించే అంకె) ఒక రెండు మూడు పాయింట్లు దిగుతుంది, కాసేపయ్యాక మళ్ళీ మామూలే. అంతకుమించి ఏమీ ఆశించకుండా చేస్తే ఇది మంచి అలవాటు, ట్యాబ్లెట్ బదులు అనుకుంటే మాత్రం ప్రమాదం.

మా నాన్న స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యారు, ఇల్లు వైజాగ్‌లో గాజువాక వైపు, ఆరేళ్ళ నుంచి ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వేసుకుంటున్నారు. పోయిన వేసవిలో బీపీ 150 దాటి దిగనంటుంటే డాక్టరుగారు డోసు మార్చి "టెన్షన్ తగ్గించుకోండి బాబూ" అన్నారు. టెన్షన్ ఎలా తగ్గించుకోవాలో చీటీ మీద రాసివ్వరు కదా, నేను వెళ్ళి ఆన్‌లైన్‌లో నూనె వాసనని గదిలోకి వదిలే డిఫ్యూజరు, ఒక లావెండర్ సీసా ఆర్డర్ పెట్టేశా. వచ్చిన రోజు రాత్రే ఉత్సాహం ఆగక పన్నెండు చుక్కలు వేసి, ఏసీ గది తలుపు బిగించి, తెల్లారే దాకా నడవనిచ్చా. పొద్దున్న నాన్న తల పట్టుకుని లేచారు, "ఏటిరా ఈ కంపు, సెంటు షాపులో పడుకోబెట్టావా నన్ను" అని. బీపీ చూస్తే 156/94, ముందు రోజు కన్నా ఎక్కువ. ఆ తలనొప్పి పుణ్యమా అనే నేను దీని గురించి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదవడం మొదలెట్టా, ఇక్కడ రాసేది ఆ చదివిందీ, తర్వాత ఇంట్లో చేసి చూసిందీ.

మొదటి పని: నూనె కొనకముందు బీపీ కొలవడం నేర్చుకోండి

ఇది చాలామంది దాటేస్తారు, నేనూ దాటేశా. సరిగ్గా కొలవకపోతే నూనె పని చేసిందో లేదో మీకు ఎప్పటికీ తెలీదు. మణికట్టుకి కట్టే మెషిన్ వద్దు, జబ్బకి కట్టేది తీసుకోండి, పట్టీ సైజు చేతికి సరిపోవాలి, లావు చెయ్యికి చిన్న పట్టీ కడితే లేని బీపీ చూపిస్తుంది. కొలిచే ముందు అరగంట కాఫీ, టీ, చుట్ట, సిగరెట్ ఏమీ వద్దు, ఒంటేలుకి వెళ్ళొచ్చి కూర్చోండి (ఇది నవ్వులాటకి కాదు, నిండిన మూత్రాశయం బీపీని పెంచుతుంది). వీపు కుర్చీకి ఆనించి, పాదాలు రెండూ నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని అప్పుడు బటన్ నొక్కాలి. ఒక్క నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాసుకోండి.

మా నాన్న దగ్గర ఇక్కడే సగం తేలిపోయింది. ఆయన టీవీలో వార్తలు చూస్తూ, కాలు మీద కాలేసుకుని, మధ్యలో అమ్మతో కూరల గురించి వాదిస్తూ కొలిపించుకునేవారు. సరిగ్గా కూర్చోబెట్టి చూస్తే ఏ నూనే లేకుండానే ఎనిమిది పాయింట్లు తక్కువ వచ్చింది. అందుకే వారం రోజులు పొద్దున్న, సాయంత్రం ఇలా రాసుకోండి, మొదటి రోజుది కొట్టేసి మిగతా ఆరు రోజుల సగటు తీయండి. ఆస్పత్రిలో 140/90 అయితే బీపీ అంటారు, ఇంట్లో చూసుకునే దానికి ఆ గీత 135/85. ఈ సగటు మీ దగ్గర ఉంటేనే మిగతాది మొదలెట్టండి.

ఇంకోటి, 180/120 దాటి, దానితోపాటు గుండెల్లో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి కాలు పట్టు తప్పడం లాంటివి ఏవి ఉన్నా సీసా, దూది వెతుక్కోవద్దు, 108కి ఫోన్ చెయ్యండి. అసలు గుండెల్లో నొప్పి వస్తే మెషిన్‌లో అంకె ఎంతున్నా 108కే. నిమిషాలు పోయే కొద్దీ గుండె కండ పోతుంది.

రెండో పని: ఏ వాసన

పుస్తకాల్లో బీపీకి చెప్పే మూడు పేర్లు లావెండర్, బెర్గమాట్, యలాంగ్ యలాంగ్. 2006లో కొరియాలో ఒక నర్సింగ్ పరిశోధనలో బీపీ ఉన్న కొన్ని పదుల మందికి ఈ మూడూ కలిపి నాలుగు వారాలు వాసన చూపిస్తే బీపీ, ఒత్తిడి తగ్గాయని వచ్చింది. మనుషులు తక్కువ, రోజులు తక్కువ, పైగా వాసన చూస్తున్నామని చూసేవాడికి తెలిసిపోతుంది కదా, ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చినట్టు పోల్చడం కుదరదు, కాబట్టి దాన్ని ఆ మేరకే నమ్మండి. లావెండర్‌లో పని చేసేవి లినలూల్, లినలైల్ అసిటేట్ అనే రెండు పదార్థాలు. బెర్గమాట్ నిమ్మజాతి పండు తొక్కలోంచి తీసేది. యలాంగ్ యలాంగ్ అంటే ఏదో చైనా పేరులా ఉంటుంది గానీ అది మన సీతాఫలం కుటుంబపు చెట్టు, మనోరంజితం కూడా ఆ కుటుంబమే, అందుకే ఆ నూనె మూత తీయగానే మన పెరటి వాసనే ఎక్కడో తగులుతుంది. ఎక్కువైతే మాత్రం తలనొప్పి గ్యారంటీ, ఒక్క చుక్క చాలు.

ఇవే కావాలని లేదు. మరువం నూనె కూడా నెమ్మదింపజేసే నూనెల్లోనే చెప్తారు, అదే మరువం, మన ఆడవాళ్ళు కనకాంబరాల మాలలో కలిపి కట్టేది. వట్టివేళ్ళు, చందనం, మల్లె ఇవన్నీ మనకి పుట్టినప్పటి నుంచీ తెలిసిన వాసనలు. నా అనుభవంలో అయితే ముక్కుకి ముందే పరిచయం ఉన్న వాసనే బాగా పని చేస్తుంది. మా నాన్నకి లావెండర్ అంటే ఆ మొదటి రాత్రి నుంచీ అలర్జీ లాగా అయిపోయింది, చూడగానే మొహం తిప్పేస్తారు. ఒక రోజు అమ్మ పూజకని సాన మీద గంధపు చెక్క నాలుగు తిప్పులు తిప్పి కాస్త తీసి ఆయన మణికట్టుకి రాసింది. ఆయన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని "అప్పన్న గుర్తొచ్చాడే" అన్నారు. ఏడాదంతా చందనంలో ఉండి వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే నిజరూపం చూపించే సింహాద్రి అప్పన్న కోసం చిన్నప్పుడు తాతగారి భుజాల మీద కూర్చుని క్యూలో వెళ్ళిన కథ మొదలెట్టారు, అరగంట ఆపలేదు, ఆ అరగంటలో ఒక్కసారి కూడా కొడుకు ఉద్యోగం గురించి గానీ పక్కింటి గోడ గురించి గానీ ఎత్తలేదు. నాకు అప్పుడు అర్థమైంది ఆయనకి ఏ వాసనో. అసలు చందనం నూనె ధర అందుకోలేం, సాన మీద అరగదీసిన గంధం దాదాపు ఖర్చు లేనిది, పైగా నూనెలాగా చర్మాన్ని కాల్చదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి సింహాచలం సంపెంగో, మల్లెపూలో, తడిపిన వట్టివేళ్ళ కట్టో అదే పని చెయ్యొచ్చు, అడిగి చూడండి. వాళ్ళకి నచ్చనిది ఎంత ఖరీదైనా పక్కన పెట్టెయ్యండి.

మూడో పని: కొనడం

నూనే కావాలి అనుకుంటే సీసా మీద మొక్క శాస్త్రీయ నామం ఉందో లేదో చూడండి. లావెండర్ అయితే లావండ్యులా అంగుస్టిఫోలియా అని ఉండాలి, లాటిఫోలియా అని ఉంటే అది వేరే రకం, కర్పూరం శాతం ఎక్కువ, మనకి కావాల్సింది అది కాదు. ఫ్రాగ్రెన్స్ ఆయిల్, పెర్‌ఫ్యూమ్ ఆయిల్ అని రాసి ఉంటే అది ల్యాబ్‌లో చేసిన సెంటు. ముదురు రంగు గాజు సీసాలో ఉండాలి, ప్లాస్టిక్‌లో వద్దు. ఒకే కంపెనీ గులాబీ, చందనం, నిమ్మగడ్డి అన్నీ ఒకే రేటుకి అమ్ముతుంటే అనుమానించండి, కిలోల కొద్దీ రేకులు పోస్తే గానీ కాస్త నూనె రాని గులాబీ, గడ్డిలోంచి వచ్చే నూనె ఒకే ధర ఎలా అవుతాయి. నేను ఒక షాపులో 10 ఎంఎల్ "ప్యూర్ శాండల్" నూట యాభైకి కొని తెచ్చా, తెల్ల కాగితం మీద చుక్క వేస్తే మూడు రోజులైనా జిడ్డు మరక అలాగే ఉంది, వాసనేమో మొదటి రోజే పోయింది. నిజం చందనం చిక్కటిదే, మరక పడుతుంది గానీ వాసన రోజుల తరబడి వదలదు, ఇక్కడ తిరగబడింది. లావెండర్, నిమ్మజాతి నూనెలైతే కాగితం మీద దాదాపు మరక లేకుండా ఎగిరిపోవాలి.

మన దేశపు లావెండరే వాడాలనుకుంటే జమ్మూ వైపు దోడా జిల్లా భదర్వాలో ఇప్పుడు రైతులు బాగా పండిస్తున్నారు, కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళ అరోమా మిషన్ ద్వారా ఆ సాగు పెరిగింది. వట్టివేళ్ళు అయితే పూర్ణా మార్కెట్‌లో మూలికలు అమ్మే కొట్లలో అడగండి, కట్ట లెక్కన ఇస్తారు.

నాలుగో పని: పదిహేను నిమిషాల సిట్టింగ్

ఇదే అసలు పని, మిగతాదంతా దీని కోసమే. రోజూ ఒకే టైము పెట్టుకోండి, మా ఇంట్లో సాయంత్రం ఆరున్నర, దీపం పెట్టే వేళ, టీవీలో గొడవలు మొదలవ్వక ముందు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. కిటికీ ఒకటి తెరిచి ఉంచండి. బీపీ ఒకసారి చూసి రాసుకోండి.

వైజాగ్‌లో ఒక తిరకాసు ఉంది. నీళ్ళు పోసే డిఫ్యూజరు గాల్లోకి తేమ కూడా వదులుతుంది, మనకి సముద్రం పక్కన ఆ తేమ అసలే ఎక్కువ, మే నెలలో మూసిన గదిలో అది నడిపితే చెమటే గానీ ప్రశాంతత ఉండదు. అందుకని నేను డిఫ్యూజరు అటక ఎక్కించేశా. ఒక చిన్న దూది ఉండ మీద గానీ కర్చీఫ్ మూల మీద గానీ రెండు చుక్కలు వేసి, కుర్చీలో కూర్చున్నవాళ్ళ ఛాతీకి జానెడు దూరంలో బల్ల మీద పెట్టండి. ముక్కుకి ఆనించి పీల్చక్కర్లేదు, వాసన ఉందీ లేదూ అన్నట్టు ఉండాలి, గది నిండా గుప్పుమంటే ఎక్కువైనట్టు. డిఫ్యూజరే వాడతాం అంటే 100 ఎంఎల్ నీళ్ళకి మూడు నుంచి అయిదు చుక్కలు, నా లాగా పన్నెండు కాదు.

ఇప్పుడు ఊపిరి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు లోపలికి, ఆరు లెక్కపెట్టేంత సేపు బయటకి. నిమిషానికి ఆరు ఊపిరులు వస్తాయి. పొట్ట ఉబ్బాలి, భుజాలు లేవకూడదు, పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే తెలుస్తుంది. మొదట్లో ఆరు లెక్క అందదు, ఆయాసంగా ఉంటే మూడు, అయిదుతో మొదలెట్టండి, ఊపిరి బిగబట్టడం మాత్రం వద్దు, బీపీ ఉన్నవాళ్ళకి అది మంచిది కాదు. పది నిమిషాలు ఇలా చేసి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, మళ్ళీ బీపీ చూసి రాసుకుని, దూది ఉండని డబ్బాలో వేసి మూత పెట్టేయండి. లేచేటప్పుడు గభాలున లేవొద్దు, బీపీ మాత్రలు, గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ లాంటివి వాడేవాళ్ళకి కళ్ళు తిరగొచ్చు, కాసేపు కుర్చీ చేతులు పట్టుకుని నిలబడి అప్పుడు నడవండి.

నిజం చెప్పాలంటే వాసన లేకుండా ఈ ఊపిరి ఒక్కటే చేసినా బీపీ దిగుతుంది. నేను నాన్న మీద ప్రయోగం చేశా, ఒక వారం గంధంతో, ఒక వారం ఉత్తి ఊపిరితో. తేడా పెద్దగా లేదు, గంధం వారం సగటున 147 నుంచి 140కి వస్తే, ఉత్తి వారం 146 నుంచి 141. కానీ ఉత్తి వారంలో ఆయన మూడు రోజులు ఎగ్గొట్టారు, గంధం వారంలో ఒక్క రోజూ ఎగ్గొట్టలేదు, ఆరున్నర అవ్వగానే "సాన ఎక్కడే" అని ఆయనే అడిగేవారు. బడి గంట కొడితే పిల్లలు లైన్లో నిలబడినట్టు ఆ వాసన రాగానే ఆయన ఒళ్ళు దానంతట అదే సర్దుకునేది. నా మటుకు నాకు అరోమాథెరపీ విలువ అదే.

అయిదో పని: గంట దాటనివ్వొద్దు

నా మొదటి రాత్రి తలనొప్పికి జవాబు తైవాన్‌లో దొరికింది. 2012లో అక్కడ ఆరోగ్యంగా ఉన్న 100 మంది కుర్రవయసు వాళ్ళని గదిలో కూర్చోబెట్టి నూనె ఆవిరి రెండు గంటలు వదిలి, బీపీ, గుండె వేగం కొలుస్తూ పోయారు. మొదటి గంటలో పైబీపీ సుమారు రెండు పాయింట్లు తగ్గింది, గుండె వేగం కూడా రెండు తగ్గింది. గంట దాటాక రెండూ తిరగబడి మొదలెట్టిన దానికన్నా పైకి పోయాయి. నూనె ఆవిరి అంటే చివరికి గాల్లో తేలే రసాయనాలే, మూసిన గదిలో పేరుకుంటే ఒంటికి అది కాలుష్యమే, సహజం, ఆర్గానిక్ అనే మాటలు ముక్కుకి తెలీవు. కాబట్టి పదిహేను నుంచి ముప్పై నిమిషాలు, ఆ తర్వాత ఆపేసి కిటికీలు తీసెయ్యండి. రాత్రంతా నడిపే ఆటో మోడ్ ఉన్న డిఫ్యూజర్లకి ఎక్కువ డబ్బులు పెట్టొద్దు.

ఈ మాట వచ్చింది కాబట్టి అగరుబత్తి గురించి కూడా చెప్పాలి, ఇది కొందరికి నచ్చదు. అగరుబత్తి, ధూప్ స్టిక్, సాంబ్రాణి పొగ అరోమాథెరపీ కాదు, అవి పొగ. సింగపూర్‌లో 63 వేల మందికి పైగా చైనా సంతతి వాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తే, ఇంట్లో చాలాకాలంగా అగరొత్తులు వెలిగించేవాళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బుల చావులు 12 శాతం ఎక్కువ ఉన్నాయని 2014లో తేలింది. మన ఊళ్ళో పోర్టు వైపు దుమ్ము, లారీల పొగ ఎలాగూ తప్పదు, దానికి ఇంట్లో పొగ కూడా కలపడమెందుకు. పూజ మానమని కాదు, ఒక పుల్ల చాలు, కిటికీ దగ్గర, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఆ గదిలో కూర్చోకుండా. మా అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు పూలూ గంధంతో సరిపెడుతోంది.

ఆరో పని: పాదాలకి మర్దన, కావాలనుకుంటే

వారానికి రెండు సార్లు చాలు. 30 ఎంఎల్ పప్పునూనెకి (నువ్వుల నూనెకి) ఆరు చుక్కలు లావెండర్ గానీ మరువం గానీ కలిపితే ఒక శాతం అవుతుంది, అరవై దాటిన చర్మానికి అంతకంటే ఎక్కువ వద్దు. నేరుగా సీసాలోంచి చర్మం మీద ఎప్పుడూ వేయొద్దు, నేను మణికట్టు మీద వేసుకుని చూశా, రెండో రోజుకి ఎర్రగా దద్దురు లేచి వారం గోక్కున్నా. కలిపిన నూనె కూడా ముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి ఒక రోజు ఆగి చూడండి.

రాత్రి పడుకునే ముందు పాదం నుంచి పిక్క వైపు, అంటే గుండె వైపుకే, మెల్లగా, పాదానికి అయిదు నిమిషాలు. గోరువెచ్చటి నీళ్ళ బకెట్‌లో కాళ్ళు పెట్టుకోవాలంటే షుగర్ ఉన్నవాళ్ళ నీళ్ళు వేరేవాళ్ళు మోచేత్తో చూడాలి, వాళ్ళ పాదాలకి స్పర్శ తగ్గి కాలిపోతున్నా తెలీదు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్తున్నా. ఒక్క కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉంటే ఆ కాలు ముట్టుకోవద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, మర్దన చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి. ఉబ్బిన నరాలు, అంటే వెరికోస్ వెయిన్స్, వాటి మీద కూడా నొక్కొద్దు, చుట్టుపక్కల తేలిగ్గా రాస్తే చాలు. బైపాస్ అయినవాళ్ళు కుట్లు పూర్తిగా మానేదాకా సిర తీసిన కాలికీ ఛాతీకీ ఏ నూనే రాయొద్దు.

మందులతో తగువు పడేవి

రక్తం పల్చబడటానికి వార్ఫరిన్, అసిట్రామ్ లాంటివి వాడుతున్నవాళ్ళు ఉంటే ఇది రెండు సార్లు చదవండి. వింటర్‌గ్రీన్ నూనె, మన దగ్గర గంధపుర తైలం పేరుతో అమ్మేది, దాదాపు అంతా మిథైల్ సాలిసిలేటే, ఆస్పిరిన్‌కి అన్నదమ్ముడు. ఒక్క టీస్పూను నోట్లోకి పోతే ఇరవై ఆస్పిరిన్ మాత్రల పైన మింగినట్టు. చర్మం మీద రాసినా లోపలికి ఇంకుతుంది, వార్ఫరిన్ వాడే మనిషి రోజూ మోకాళ్ళకి దట్టించి రాస్తే రక్తం మరీ పల్చబడి చిగుళ్ళ నుంచో మూత్రంలోనో రక్తం కనబడొచ్చు. చాలా నొప్పి బామ్‌లలో ఉండేది ఇదే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలెట్టినప్పటి నుంచీ తెలుగిళ్ళలో బామ్ లేని అటక లేదు, తలనొప్పికి నుదుటి మీద ఒక వేలు రాస్తే పర్లేదు, ఒళ్ళంతా రోజూ పట్టించే అలవాటుంటే మాత్రం డాక్టరుకి చెప్పండి. వాళ్ళు అడిగేది ట్యాబ్లెట్ల గురించే, బామ్ గురించి మనమే నోరు విప్పాలి.

కర్పూరం, రోజ్‌మేరీ, నీలగిరి తైలం ఇవి ఉత్సాహపరిచే వైపు నూనెలు, బీపీ అదుపులో లేనివాళ్ళు సాయంత్రం సిట్టింగ్‌కి వీటిని ఎంచుకోకపోవడమే మేలు. జలుబుకి ఆవిరి పడితే ఏమీ కాదు.

బెర్గమాట్ చర్మానికి రాసుకుని మన బీచ్ రోడ్డు ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కుతుంది, అందులో బెర్గాప్టెన్ అని ఉంటుంది, ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది. వాసనకి మాత్రమే వాడండి. నోట్లోకైతే ఏ నూనే వద్దు, తేనెలో చుక్క, గోరువెచ్చటి నీళ్ళలో చుక్క అని వీడియోల్లో చెప్పేవి నమ్మొద్దు. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస తింటే అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్రలు ఒంట్లో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉండిపోతాయి, బెర్గమాట్‌లో ఉన్నదీ ఆ జాతి పదార్థాలే.

ఉబ్బసం ఉన్నవాళ్ళు, గర్భిణులు, మూడేళ్ళ లోపు పిల్లలు ఉన్న ఇంట్లో నూనె జోలికి పోకుండా పూలతో కానిచ్చెయ్యండి. పిల్లి ఉంటే ఆ గదిలోకి రానివ్వొద్దు, వాటి కాలేయం ఈ నూనెల్ని అరిగించుకోలేదు.

చివరి పని: నెల తర్వాత నోట్‌బుక్ తీయండి

నాలుగు వారాలయ్యాక మళ్ళీ ఒక వారం పొద్దున్న, సాయంత్రం సగటు తీసి మొదటి సగటుతో పోల్చండి. తగ్గితే ట్యాబ్లెట్ మానేసి చూద్దాం అనుకోవద్దు, ఆ పుస్తకం తీసుకెళ్ళి డాక్టరుకి చూపించండి, డోసు సంగతి వాళ్ళు చూసుకుంటారు. కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రిలోనైనా, మీ వీధి క్లినిక్‌లోనైనా, ఇంట్లో కొలిచిన అంకెలు వరసగా రాసి చూపిస్తే డాక్టర్లు సంతోషంగానే చూస్తారు, నా అనుభవం అది. తగ్గకపోతే వాసన మార్చడం కన్నా వంటింట్లోకి తొంగి చూడండి. రోజుకి మనిషికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను లోపే ఉండాలి, మన దగ్గర ఆవకాయ ముక్క, ఎండుచేపల ఇగురు, అప్పడం ఒకే పళ్ళెంలో పడితే ఆ పూటే ఆ లెక్క దాటిపోతుంది. మా నాన్న బీపీ నిజంగా 130ల్లోకి వచ్చింది ఎండు నెత్తళ్ళు వారానికి ఒక్కసారికి దింపి, పొద్దున్న బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసే టైములో నడవడం మొదలెట్టాకే, గంధం ఆయన్ని కోపం తెచ్చుకోకుండా ఆ రెండిటికీ ఒప్పించింది అనుకుంటా.

నూనె సీసాలు మిగిలితే మన ఎండకి కిటికీలో పెట్టొద్దు, మూత బిగించి ఫ్రిజ్ తలుపులో పెట్టుకోండి, తెరిచిన తేదీ టేప్ మీద రాసి అంటించండి. నిమ్మజాతివి ఏడాదిలో అవగొట్టాలి, పాతబడి గాలి తగిలిన నూనె చర్మానికి ఎక్కువ దురద పెడుతుంది. నా మొదటి లావెండర్ సీసా ఇంకా అక్కడే ఉంది, నాన్న చూడకుండా చింతపండు డబ్బా వెనకాల.